రాజ్ రెడ్డి: యంత్రానికి మాట, పిల్లలకు చదువు (పరిశోధన, వృత్తి గౌరవాలు)

దబ్బల రాజగోపాల్ రెడ్డి (జననం 1937 జూన్ 13) కృత్రిమ మేధ శాస్త్రవేత్త. మనిషి మాటను కంప్యూటర్ గుర్తించి, అందులోని పనిని గ్రహించే విద్యకు పునాదులు వేసినవారిలో ఒకరు. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టి, అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1969 నుంచి దశాబ్దాల పాటు పనిచేశారు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు దక్కింది. ఆసియా మూలాలున్నవారిలో ఆ అవార్డు అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

ఈ వ్యాసం పూర్తి జీవితచరిత్ర కాదు. ఆయన పరిశోధన ఎలా సాగింది, ఏ పనికి ఏ గౌరవం వచ్చింది, ఆ పనికి పిల్లలు భాష నేర్చే తీరుతోనూ మనస్తత్వ శాస్త్రంతోనూ ఉన్న సంబంధం ఏమిటి అన్న విషయాలకే పరిమితం. రెడ్డి స్వయంగా శిశు భాషా శాస్త్రవేత్త కారు. అయితే ఆయన పనిచేసిన చోటే ఆ శాస్త్రానికి పెద్ద దత్తాంశ భాండారం పెరిగింది. ఆయన ప్రయోగశాలలో పుట్టిన పరిజ్ఞానమే పిల్లల చదువును వినే యంత్రంగా మారింది.

నిర్వచనం, పరిధి

మాట గుర్తింపు, మాట అవగాహన వేర్వేరు. ధ్వని తరంగాన్ని అక్షరాల్లోకి మార్చడం గుర్తింపు. ఆ మాటలో అడిగిన పని ఏమిటో తెలుసుకోవడం అవగాహన. "ఎర్ర దిమ్మె తియ్యి" అన్నప్పుడు ఆ మూడు మాటలను తెర మీద రాసి చూపితే గుర్తింపు జరిగినట్టు. యంత్రపు చెయ్యి కదిలి ఎర్ర దిమ్మెను ఎత్తితే అవగాహన కుదిరినట్టు. రెడ్డి కృషి మొదటి నుంచీ రెండో దాని వైపు మొగ్గింది.

శిశు భాషా వికాసం భాషా శాస్త్రమూ మనస్తత్వ శాస్త్రమూ కలిసే చోట ఎదిగిన విద్య. బిడ్డ తన చుట్టూ వినబడే ధ్వనుల నుంచి మాటలను, మాటల నుంచి వ్యాకరణాన్ని ఎలా రాబట్టుకుంటుందో అది పరిశీలిస్తుంది. యంత్రానికీ బిడ్డకూ ఎదురయ్యే చిక్కులు కొన్ని ఒకటే. మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, రాతలోనే ఉంటుంది. ఒకే మాట ఇద్దరి నోట ఒకేలా పలకదు. విన్నది స్పష్టంగా లేనప్పుడు సందర్భాన్ని బట్టి పూరించుకోవాలి.

కాటూరు నుంచి స్టాన్‌ఫర్డ్ దాకా

రెడ్డి తండ్రి శ్రీనివాసులు రెడ్డి రైతు. తల్లి పిచ్చమ్మ గృహిణి. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు లయోలా కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, గిండీ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి 1958లో సివిల్ ఇంజినీరింగ్ పట్టా తీసుకున్నారు. 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం నుంచి ఎం.టెక్. పొంది, అక్కడే ఐబీఎంలో సుమారు మూడేళ్ళు ఉద్యోగం చేశారు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పరిశోధన చేసి 1966లో కంప్యూటర్ శాస్త్రంలో పిహెచ్.డి. సాధించారు. కృత్రిమ మేధకు ఇంగ్లీషులో ఆ పేరు పెట్టినది మెకార్తీయే. రెడ్డి సిద్ధాంత వ్యాసం ధ్వని తరంగాన్ని నేరుగా విశ్లేషించి మాటను పట్టుకోవడం గురించి.

1969లో కార్నెగీ మెలన్‌కు వెళ్ళారు. 1979లో అక్కడ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడినప్పుడు దానికి తొలి డైరెక్టర్ అయి 1991 వరకు నడిపారు. 1991 నుంచి 1999 వరకు కంప్యూటర్ సైన్స్ స్కూలుకు డీన్.

యంత్రానికి మాట నేర్పిన తీరు

1960లలో మాట గుర్తింపు అంటే ఒక మనిషి ఒక్కో మాటను విడివిడిగా, ఆగి ఆగి పలికితే పోల్చుకోవడమే. రెడ్డి ఎంచుకున్నది అంతకంటే కష్టమైన దారి: మామూలుగా ఎడతెగకుండా మాట్లాడే మాట. మెకార్తీ, లెస్ ఎర్నెస్ట్, పియర్ విసెన్స్‌లతో కలిసి 1968లో ప్రచురించిన పత్రం పేరు చేతులు, కళ్ళు, చెవులు ఉన్న కంప్యూటర్ అన్న అర్థంలో ఉంటుంది. చెప్పిన మాట విని, కెమెరాతో చూసి, బల్ల మీది దిమ్మెలను కదిపే వ్యవస్థ అది. ఫోన్‌తో తెలుగులో మాట్లాడి పాట వెతుక్కునే ఈ కాలపు పిల్లలకు దిమ్మె కదపడం చిన్న విషయంగా తోచవచ్చు. అప్పట్లో ఒక గది నిండా ఉండే కంప్యూటర్‌కు ఉన్న శక్తి ఈనాటి చేతి గడియారానికి ఉన్నంత కూడా కాదు.

కార్నెగీ మెలన్‌లో 1970ల తొలి ఏళ్ళలో రూపొందిన హియర్‌సే-1 చదరంగం ఆడేవారి నోటిమాటను విని ఎత్తు వేసేది. చదరంగాన్ని ఎంచుకోవడంలో ఒక తర్కం ఉంది. బల్ల మీద పావులు ఉన్న తీరును బట్టి చెల్లే ఎత్తులు కొన్నే ఉంటాయి. కాబట్టి మాట సరిగా వినబడకపోయినా, చెల్లే ఎత్తుల్లో దేనికి దగ్గరగా ఉందో చూస్తే చాలు. సందర్భం చెవికి సాయం చేస్తుందన్న ఈ ఆలోచన మనస్తత్వ శాస్త్రంలో అప్పటికే ఉన్నదే. కార్నెగీ మెలన్‌లో ఆయన సహచరులైన ఆలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్‌లు మనిషి ఆలోచనను సమాచార ప్రక్రియగా చూసిన వారు; 1975లో ట్యూరింగ్ అవార్డు వారిద్దరికీ వచ్చింది. సైమన్‌కు 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది.

1971లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఐదేళ్ళ మాట అవగాహన పథకాన్ని మొదలుపెట్టింది. దానికి లక్ష్యాలు నిర్దేశించిన సంఘానికి న్యూవెల్ అధ్యక్షుడు. సుమారు 1,000 మాటల పరిధి, ఎడతెగని మాట, అర్థం తప్పడం 10 శాతానికి లోపు అన్నవి ముఖ్యమైన షరతులు. రెడ్డి బృందం నుంచి మూడు వేర్వేరు ఆలోచనలు వచ్చాయి.

హియర్‌సే-2లో ధ్వని, అక్షరం, మాట, వాక్యం, అర్థం ఒక్కోదానికి ఒక్కో నిపుణ ప్రోగ్రాము ఉండేది. అవన్నీ తాము కనిపెట్టినదాన్ని ఉమ్మడి నల్లబల్ల మీద రాస్తాయి; ఒకటి రాసినదాన్ని చూసి మరొకటి సవరించుకుంటుంది. లీ ఎర్మన్, ఫ్రెడరిక్ హేస్-రోత్, విక్టర్ లెస్సర్‌లతో కలిసి రెడ్డి రాసిన దీని వివరణ 1980లో వెలువడింది. నల్లబల్ల నమూనా తర్వాత మాటకు సంబంధం లేని రంగాలకూ పాకింది.

బ్రూస్ లోయర్ చేసిన హార్పీ దారి వేరు. చెప్పదగిన వాక్యాలన్నింటినీ ముందే సుమారు 15,000 స్థితుల వలగా అల్లి, ఆ వలలో మెరుగ్గా కనిపించిన దారులను మాత్రమే వెంబడించేది. 1976లో 1,011 మాటల పరిధిలో, ఐదుగురు మాట్లాడినవారి విషయంలో అర్థం తప్పినవి 5 శాతమే. పథకం లక్ష్యాన్ని అందుకున్న వ్యవస్థ ఇదే.

మూడోది జేమ్స్ బేకర్ 1975 నాటి సిద్ధాంత వ్యాసంలోని డ్రాగన్. మాటను సంభావ్యతల వరసగా చూసే పద్ధతి ఇది. అప్పటికి తక్కిన రెండింటి కంటే నెమ్మదిగా నడిచినా, ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు రంగాన్ని ఏలిన హిడెన్ మార్కోవ్ మోడల్ పద్ధతికి ఇది, ఐబీఎం బృందం పని మూలాలు. బేకర్, ఆయన భార్య జానెట్ 1982లో డ్రాగన్ పేరుతోనే కంపెనీ పెట్టారు. 1988లో రెడ్డి శిష్యుడు కై-ఫూ లీ, సుమారు 1,000 మాటల పరిధిలో ముందుగా పరిచయం లేని గొంతులను కూడా గుర్తించే స్ఫింక్స్‌ను రూపొందించారు. పిల్లల చదువుకు ఇది తలుపు తీసింది. ప్రతి పిల్లవాడి గొంతునూ ముందుగా నేర్పవలసి వస్తే బడిలో యంత్రం పనికిరాదు కదా.

ఒకే పైకప్పు కింద పరస్పర విరుద్ధమైన మూడు పద్ధతులను పెరగనివ్వడం రెడ్డి నాయకత్వంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. తర్వాత వచ్చిన గౌరవాల్లో ఆయన సొంత పత్రాల బలం ఎంతో, శిష్యుల పని బలం కూడా అంతే ఉంది.

పిల్లలు మాట నేర్చే తీరు (చూ. శిశు భాషా వికాసం)

యంత్రం మీద ఈ పని సాగుతున్న కాలంలోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల చెవి గురించి కొత్త విషయాలు కనుక్కున్నారు. తెలుగువారికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం. హిందీలోని మూర్ధన్య టకారానికీ దంత్య తకారానికీ ఉన్న తేడాను ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు గుర్తించారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ పిల్లల్లో అత్యధికులు గుర్తించలేకపోయారు. 'పాట', 'పాత' అన్నవి తెలుగు పిల్లలకు ఎప్పటికీ రెండు మాటలే. ఆ తేడా లేని భాష వినే బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నేర్చుకోవడమంటే కొత్తవి పోగేసుకోవడమే కాదు, అక్కరలేనివి వదిలేయడం కూడానని ఈ ప్రయోగం చూపింది.

1996లో జెన్నీ శాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ మరో ప్రయోగం చేశారు. అర్థం లేని అక్షరాల ధారను రెండు నిమిషాలు వినిపిస్తే, ఏ అక్షరం తర్వాత ఏది ఎంత తరచుగా వస్తోందన్న లెక్కతోనే ఎనిమిది నెలల పిల్లలు మాటల సరిహద్దులు పసిగట్టారు. సంభావ్యతల లెక్క అనేసరికి డ్రాగన్ గుర్తుకు రాక మానదు. కానీ ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. యంత్రానికి వేల గంటల రికార్డింగులు కావాలి. బిడ్డకు మనుషులు, వారి చూపులు, చేతి సైగలు, ఆకలి, ఆట అన్నీ కలిసి అందుతాయి.

అంతకు ముందు తరంలో 1958లో జీన్ బెర్కో (తర్వాత గ్లీసన్) లేని మాటలు కల్పించి పిల్లలను పరీక్షించారు. బొమ్మ చూపించి ఎన్నడూ వినని పేరు చెప్పి, రెండు బొమ్మలుంటే ఏమంటారని అడిగితే పిల్లలు బహువచన ప్రత్యయం చేర్చి చెప్పారు. విన్నది తిరిగి పలకడమే భాష అయితే ఇది సాధ్యం కాదు. తెలుగులో 'ఇల్లులు' అనే పసివాడు కూడా ఇదే నియమాన్ని పట్టుకున్నవాడు. 'ఇళ్ళు' అన్నది వాడికి ఇంకా అందని మినహాయింపు. రోజర్ బ్రౌన్ ముగ్గురు పిల్లల మాటలను ఏళ్ళ తరబడి నమోదు చేసి 1973లో వెలువరించిన గ్రంథం ఈ శాస్త్రానికి ప్రామాణికమైంది.

ఇలాంటి నమోదులన్నిటినీ ఒకచోట చేర్చి అందరికీ అందించే చైల్డ్స్ భాండారాన్ని 1984లో బ్రయాన్ మెక్‌విన్నీ, క్యాథరిన్ స్నో స్థాపించారు. అది నడిచేది కార్నెగీ మెలన్ మనస్తత్వ శాస్త్ర విభాగంలోనే. అందులో ఉన్న తమిళ భాగం ఆర్. నరసింహన్ సేకరించినది. భారతదేశపు తొలి కంప్యూటర్లలో ఒకటైన టిఫ్రాక్‌ను టాటా ఇన్‌స్టిట్యూట్‌లో నిర్మించిన బృందానికి నాయకత్వం వహించి, ఆ తర్వాత పసిబిడ్డ భాషా ప్రవర్తన వైపు మళ్ళిన శాస్త్రవేత్త ఆయన. 1977లో పద్మశ్రీ పొందారు. నరసింహన్ కూడా గిండీ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థే. ఒకే కాలేజీ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు యంత్రం నుంచి పసిబిడ్డ దగ్గరికి వెళ్ళారు. మరొకరి పని యంత్రం ద్వారా బడిపిల్లల దగ్గరికి చేరింది.

చదువు వినే యంత్రం

కార్నెగీ మెలన్‌లో జాక్ మోస్టో నాయకత్వంలో సాగిన ప్రాజెక్ట్ లిజన్ లక్ష్యం, పిల్లవాడు పైకి చదువుతుంటే విని సాయపడే రీడింగ్ ట్యూటర్. తెర మీద ఒక వాక్యం కనబడుతుంది. పిల్లవాడు చదువుతాడు. తప్పిన చోట, ఆగిపోయిన చోట యంత్రం ఆ మాట పలికి వినిపించడమో సూచన ఇవ్వడమో చేస్తుంది. వినే పనికి వాడినది స్ఫింక్స్. ఈ ప్రాజెక్టు తొలి నమూనా మీద మోస్టో, స్టీవెన్ రోత్, అలెగ్జాండర్ హాప్ట్‌మన్, మాథ్యూ కేన్ రాసిన పత్రానికి 1994లో అమెరికా కృత్రిమ మేధ సంఘం ఉత్తమ పత్ర పురస్కారం వచ్చింది. అప్పుడు కార్నెగీ మెలన్ కంప్యూటర్ సైన్స్ స్కూలు డీన్ రెడ్డి. యంత్రం ముందున్న సమస్య ఇక్కడ తిరగబడింది: ఏ వాక్యం చదవాలో ముందే తెలుసు, తెలియనిది పిల్లవాడు ఎక్కడ తడబడతాడన్నదే. చదరంగపు బల్ల చేసిన పనిని ఇక్కడ పాఠం చేసింది.

పిల్లల గొంతు యంత్రానికి కష్టం. పిల్లల స్వరమార్గం పొట్టిది. అందువల్ల అనునాద పౌనఃపున్యాలన్నీ పెద్దల కంటే పైన ఉంటాయి. శ్రుతి కూడా ఎక్కువ. ఒకే పిల్లవాడు ఒకే మాటను రెండుసార్లు పలికితే కనిపించే తేడా పెద్దవాళ్ళ విషయంలో కంటే ఎక్కువ. చదువు నేర్చే దశలో సాగదీయడం, అక్షరం అక్షరం కూడబలుక్కోవడం, మధ్యలో పక్కవాడితో మాట్లాడటం అదనం. పెద్దల గొంతుల మీద తయారైన వ్యవస్థ పిల్లల దగ్గర తడబడటానికి కారణాలు ఇవే.

మోస్టో బృందం తర్వాత రూపొందించిన రోబోట్యూటర్, బడి అందని పిల్లలకు టాబ్లెట్ ద్వారా చదువు నేర్పే గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్ పోటీలో తుది ఐదుగురిలో నిలిచింది. ఆ ఐదింటిని టాంజానియా గ్రామాల పిల్లల మధ్య స్వాహిలీ భాషలో పరీక్షించారు. 2019లో ప్రధాన బహుమతిని వన్‌బిలియన్, కిట్‌కిట్ స్కూల్ పంచుకున్నాయి.

పారిస్ కేంద్రం

1980ల తొలినాళ్ళలో ఫ్రెంచి ప్రభుత్వం పారిస్‌లో కంప్యూటర్, మానవ వనరుల ప్రపంచ కేంద్రాన్ని నెలకొల్పింది. దాని వెనక ఉన్నవారు జాన్-జాక్ సెర్వాన్-ష్రైబర్. రెడ్డి ప్రధాన శాస్త్రవేత్త. నికొలస్ నెగ్రోపాంటే, సేమూర్ పాపర్ట్ కూడా అందులో పనిచేశారు. పాపర్ట్ జెనీవాలో జాన్ పియాజే దగ్గర ఉండి, పిల్లలు తమ జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారన్న సిద్ధాంతాన్ని లోగో అనే కంప్యూటర్ భాషగా మలచినవారు. సెనెగల్ బడిపిల్లల మధ్య లోగో ప్రయోగం ఆ కేంద్రం చేపట్టిన పనుల్లో ఒకటి. కేంద్రం ఎక్కువ కాలం నిలవలేదు. పేద దేశాలకు కంప్యూటర్ ఎందుకన్న ప్రశ్న మాత్రం ఆ తర్వాత రెడ్డి పనిని వదల్లేదు. చదువురానివారు కూడా వాడుకోగల పరికరాల గురించి, నోటిమాటే అందుకు దారి కావడం గురించి ఆయన తరచు మాట్లాడేవారు.

గౌరవాలు: రకాలు, కారణాలు

1984 ఆయనకు ముఖ్యమైన సంవత్సరం. పారిస్ కేంద్రంలో సేవలకు ఫ్రెంచి అధ్యక్షుడు ఫ్రాన్స్వా మిత్తెరాఁ చేతుల మీదుగా లెజియన్ ఆఫ్ ఆనర్ అందుకున్నది ఆ ఏడే. అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీకి ఎన్నికైనదీ ఆ ఏడే. ఒకటి సేవకు, మరొకటి శాస్త్రానికి. ఆయన గౌరవాలన్నిటా ఈ రెండు పాయలూ కనిపిస్తాయి.

సాటి శాస్త్రవేత్తలు ఇచ్చినవాటిలో పెద్దది 1994 ట్యూరింగ్ అవార్డు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ఇచ్చారు. పెద్ద కృత్రిమ మేధ వ్యవస్థలను రూపొందించి, కట్టి, అవి నిజంగా పనికొస్తాయని, వాణిజ్యపరంగా నిలబడగలవని చూపినందుకు అన్నది ప్రశంస సారాంశం. అందులో పిల్లల ఊసు లేదు. ఉండాలని ఆశించనూ కూడదు. 1987 నుంచి 1989 వరకు అమెరికా కృత్రిమ మేధ సంఘానికి ఆయన అధ్యక్షులు. మాట రంగం తనదిగా ఇచ్చిన గుర్తింపు, ఐఈఈఈ వారి జేమ్స్ ఫ్లానగన్ పురస్కారం, 2008 నాటిది. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియం 2021లో ఫెలోగా ఎంచుకుంది.

ప్రభుత్వాలు, ప్రజా సంస్థలు ఇచ్చినవి మరో వర్గం. భారత ప్రభుత్వం 2001లో పద్మభూషణ్ ఇచ్చింది. 1999 నుంచి 2001 వరకు అమెరికా అధ్యక్షుడి సమాచార సాంకేతిక సలహా సంఘానికి ఆయన సహాధ్యక్షులు. విజ్ఞాన శాస్త్రానికీ దేశానికీ జీవితకాల సేవకు ఇచ్చే వానెవర్ బుష్ అవార్డు 2006లో వచ్చింది. జపాన్ నుంచి వచ్చినవి ఒకావా బహుమతి (2004), హోండా బహుమతి (2005).

గౌరవ డాక్టరేట్లు పదికి పైగానే. వాటిలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇచ్చినది ఒకటి. 1954లో ఆ విశ్వవిద్యాలయం మొదలయ్యే నాటికి రెడ్డి విద్యార్థి దశలోనే ఉన్నారు. చదువు కోసం మద్రాసుకు వెళ్ళిన జిల్లా కుర్రవాడికి జిల్లా విశ్వవిద్యాలయం తర్వాతి కాలంలో ఇచ్చిన పట్టా అది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, జెఎన్‌టియు, అన్నా విశ్వవిద్యాలయం, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం ఇచ్చినవీ ఆ జాబితాలో ఉన్నాయి.

శిశు భాషా శాస్త్రంలో గౌరవాల తీరు వేరుగా ఉంటుంది (చూ. మనస్తత్వ శాస్త్ర పురస్కారాలు). అక్కడ ఒక వ్యవస్థను కట్టినందుకు కాక, ఒక ప్రశ్నను కొత్తగా అడిగినందుకు పేరు వస్తుంది. గౌరవం ఆలస్యంగా రావడమూ ఎక్కువే. జీన్ బెర్కో గ్లీసన్ ప్రయోగం 1958 నాటిది. అంతర్జాతీయ శిశు భాషా అధ్యయన సంఘానికి 1990-93లో అధ్యక్షురాలైన ఆమెకు అదే సంఘం రోజర్ బ్రౌన్ అవార్డు ఇచ్చింది 2017లో. బ్రౌన్‌కు 1984లో ఫ్రాన్సుకు చెందిన ఫిసెన్ బహుమతి లభించింది. పిల్లలు క్రియాపదాల అర్థాన్ని వాక్య నిర్మాణం నుంచి ఎలా ఊహిస్తారో చూపిన లైలా గ్లైట్‌మన్‌కు 2017లో రుమెల్‌హార్ట్ బహుమతి వచ్చింది. ఆమె జెఫ్రీ లిడ్జ్, హెన్రీ గ్లైట్‌మన్‌లతో కలిసి 2003లో ప్రచురించిన అధ్యయనం కన్నడ పిల్లల మీద. కన్నడంలోని ప్రేరణార్థక ప్రత్యయాన్ని మూడేళ్ళ పిల్లలు ఎలా గ్రహిస్తారన్నది అందులోని ప్రశ్న. తెలుగులో 'చేయించు', 'తినిపించు' వంటి రూపాలు అదే కోవకు చెందినవి. సైగల మీద, బధిర పిల్లలు తామే కల్పించుకునే చేతి భాష మీద పనిచేసిన సుసాన్ గోల్డిన్-మెడో 2021లో రుమెల్‌హార్ట్ బహుమతి అందుకున్నారు. ఎలిసా న్యూపోర్ట్‌కు 2015లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పతకం వచ్చింది. అది కంప్యూటర్, సంజ్ఞాన శాస్త్రాల విభాగంలో కావడం గమనించదగినది. యంత్రపు మాట, పిల్లల మాట అన్న రెండు రంగాలూ అక్కడ ఒకే పతకం కిందికి వచ్చాయి.

తెలుగు నేల మీద పని

1998లో ఏర్పడిన హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పాలక మండలికి రెడ్డి అధ్యక్షులుగా పనిచేశారు. పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను నేరుగా ఆరేళ్ళ ఇంజినీరింగ్ చదువులో చేర్చుకునే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలతో మొదలైనప్పుడు ఆయనే ఛాన్సలర్. ఇంటర్మీడియట్ కోచింగులకు డబ్బు పెట్టలేని ఇళ్ళ పిల్లలకు ఈ సంస్థ తెరిచిన దారి, ఆయన పేరు మీదున్న పతకాలన్నిటికంటే తెలుగు జిల్లాల్లో ఎక్కువమందికి తెలుసు.

పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా అందించాలని ఆయన చొరవతో సాగిన ప్రాజెక్టులో అమెరికా, చైనా, భారత్, ఈజిప్టు సంస్థలు పాల్గొన్నాయి. భారతదేశంలోని స్కానింగ్ కేంద్రాల్లో ఒకటి తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో నడిచింది. 2007 నవంబరు నాటికి పుస్తకాల సంఖ్య 15 లక్షలు దాటింది. అందులో చైనా భాషవి సుమారు 9,70,000, ఇంగ్లీషువి 3,60,000, తెలుగువి 50,000. అరబిక్ కంటే తెలుగు పుస్తకాలే ఎక్కువ. పాత తెలుగు పుస్తకం కోసం కంప్యూటర్ ముందు కూర్చునే పాఠకులెందరో ఆ స్కాన్లను వాడుకున్నారు.

తెలుగు పిల్లల గొంతు

తెలుగు పిల్లలు భాష నేర్చే తీరు మీద విశ్వవిద్యాలయాల్లో జరిగిన పనిలో ఉస్మానియా విశ్వవిద్యాలయానిది ముఖ్యమైన పాత్ర. చేర్వెల నిర్మల తెలుగు పిల్లలు మాట మధ్యలో వచ్చే సంయుక్త హల్లులను నేర్చే క్రమం మీద రాసిన పత్రం 1981లో అంతర్జాతీయ శిశు భాషా పత్రికలో వచ్చింది. దుగ్గిరాల వసంత తెలుగు లిపిలో చదివే పిల్లలకు ధ్వనుల స్పృహ ఎలా ఏర్పడుతుందో 2004 నాటి వ్యాసంలో చర్చించారు. బి. లక్ష్మీబాయి, వసంత 1994లో సంకలనం చేసిన గ్రంథం భారతీయ భాషల్లో భాషా వికాసం, భాషా లోపాల గురించినది. తెలుగులో లిపి ఏకాంశం అక్షరం, ఇంగ్లీషులో వర్ణం. కాబట్టి చదువు నేర్వడం మీద ఇంగ్లీషులో తేలిన ఫలితాలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో పనిచేయవలసిన చదువు వినే యంత్రానికి ఇంకొన్ని చిక్కులున్నాయి. కుప్పం పిల్లల చెవిన తెలుగు, తమిళం, కన్నడం మూడూ పడతాయి. మదనపల్లె, చిత్తూరు పట్టణాల్లో వాటికి ఉర్దూ తోడవుతుంది. తెలుగులో ఒక్క క్రియకే ప్రత్యయాలు పేరుకుని వందల రూపాలు వస్తాయి. అందువల్ల 1,000 మాటలతో మొదలైన హార్పీ లాంటి వల ఇక్కడ త్వరగా చాలకుండా పోతుంది.

మాండలికం ఇంకా కీలకం. పాఠంలో 'ఎక్కడికి వెళ్తున్నాడు' అని ఉంటే 'యాడికి పోతా ఉండాడు' అని చదివే పిల్లవాడు తప్పు చదివినట్టా? అక్షరానికి అక్షరం సరిపోల్చే యంత్రం ప్రతి మాటనూ తప్పు కింద లెక్క వేస్తుంది. అమెరికాలో కెనెత్ గుడ్‌మన్ 1960ల నుంచి చెప్పినదాని ప్రకారం, అర్థం చెడకుండా తన మాటలోకి మార్చి చదివేవాడు పాఠాన్ని గ్రహించినవాడే. అక్షరం పోల్చుకోలేక తడబడేవాడి సమస్య వేరు. ఇద్దరికీ కావలసిన సాయం వేరు. తరగతిలో ఆ ఊరి టీచరుకు ఈ తేడా వినగానే తెలుస్తుంది. యంత్రానికి తెలియాలంటే ఆ జిల్లా పిల్లలు పైకి చదివిన రికార్డింగులు కావాలి. వాటిలో ఏది మాండలికమో, ఏది తడబాటో ఆ టీచర్లే గుర్తు పెట్టి ఇవ్వాలి.